నాలుగింటికి నాయినతో నడక

జనవరి మొదటి వారం, పొద్దున ఆరున్నర. కొత్తగూడలో మేము అద్దెకుంటున్న ఫ్లాట్ ఏడో అంతస్తులో ఉంటుంది. బాల్కనీలో నాయిన మంకీ క్యాప్ పెట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా ఫ్లైఓవర్ మీద బండ్ల లైట్లు మసకమసకగా కదులుతున్నాయి. దాని వెనక రోజూ కనిపించే అద్దాల భవనాలకు ఆ పూట పైసగం లేదు.

"మంచు బాగ పడ్డది రా," అన్నాడు.

"అంతా మంచు కాదు నాయినా."

గట్టిగా గాలి పీల్చి చూశాడు. ముప్పై ఏళ్లు లారీ నడిపిన ముక్కు అది. "అవు, డీజిల్ వాసనొస్తుంది," అని లోపలికొచ్చి బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టాడు.

ఆయన గుండెకు స్టెంట్ వేసి అప్పటికి మూడు వారాలు. యాభై ఏడేళ్లు. మిర్యాలగూడ దగ్గర మా ఊళ్లో ఒక రాత్రి ఎడమ దవడ గుంజుతోందని పంటినొప్పి మాత్ర వేసుకుని పడుకున్నాడు. అది పన్ను కాదని తెల్లారేసరికి తెలిసింది. మందులు కుదురుకునే దాకా, చెకప్‌లు అయ్యేదాకా నా దగ్గరే ఉండాలని అమ్మానాన్నలిద్దర్నీ తీసుకొచ్చాను. డాక్టరు రాసిచ్చిన కాగితంలో మందుల పేర్ల కింద ఒక లైను ఉంది: రోజూ నడక, పది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా నలభైకి పెంచాలి. ఎక్కడ నడవాలో రాయలేదు. ఆయన్ని అని లాభం లేదు. మాది ఐటీ కారిడార్ అని ఆయనకేం తెలుసు?

మొదటి రోజు తెలివితక్కువగా రోడ్డు మీదికే తీసుకెళ్లాను. కొత్తగూడ నుంచి హైటెక్ సిటీ వైపు. ఫుట్‌పాత్ కొంత దూరం ఉంటుంది, కొంత దూరం టిఫిన్ బండి ఉంటుంది, తర్వాత కరెంటు ట్రాన్స్‌ఫార్మర్, ఆ తర్వాత గ్రీన్ షీట్లు కట్టిన నిర్మాణం. షీట్ల సందులోంచి బూడిద రంగు దుమ్ము రోడ్డు మీదికి పారుతుంటుంది. దాన్ని నీళ్ల ట్యాంకర్ తొక్కుతుంది, వెనకాలే వచ్చే క్యాబ్ దాన్ని లేపుతుంది. ఎనిమిది నిమిషాలకే నాయిన ఆగిపోయాడు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకోలేదు గానీ, చెయ్యి అటువైపు వెళ్లి మళ్లీ జేబులోకి పోయింది. నేను చూశానని ఆయనకు తెలుసు.

"ఏం లేదు. ఆయాసం. ఛాయ్ తాగి పోదాం పా."

ఛాయ్ తాగుతూ దూరంగా సైబర్ టవర్స్ చూపించి చెప్పాడు. 1997లో ఆ వైపు సిమెంటు తోలాడట. మా జిల్లా సిమెంటు ఫ్యాక్టరీల నుంచి హైదరాబాద్‌కు లోడు వేసుకొచ్చేవాడు. అప్పుడు ఇటంతా రాళ్లగుట్టలు, సీతాఫలం చెట్లు. బండి దించి బండల మీద పడుకుంటే రాత్రి నక్కలు కూసేవట. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయీ వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించారు. "గీ బిల్డింగులల్ల నా సిమెంటు ఎంతుందో," అన్నాడు గర్వంగానే. నేను పుట్టిన ఏడాదే ఆయన ఇక్కడికి మొదటి లోడు తెచ్చాడు. ఆ సిమెంటు దుమ్ము, డీజిల్ పొగ మూడు దశాబ్దాలు పీల్చాడు. పదేళ్ల కిందటి దాకా బీడీ కూడా తాగేవాడు. అందుకని ఆయన రక్తనాళాల్లో ఏది ఎంత చేసిందో ఎవరూ విడదీసి చెప్పలేరు.

ఆ సాయంత్రమే గాలిలో ధూళి కొలిచే చిన్న మీటరు ఒకటి ఆర్డర్ పెట్టాను. ఇంజినీరు కొడుకు చేసే మొదటి పని అదే కదా, సమస్య వస్తే ఒక గ్యాడ్జెట్ కొనడం. అమ్మ దాన్ని చూసి "దీనికి పెట్టిన పైసలతో పండ్లొచ్చేవి," అంది. ఆ మీటరు చూపించిన అంకెలు ఇక్కడ రాయను. అరచేతిలో పట్టే చౌక పరికరాన్ని అంత నమ్మకూడదు, తేమ ఎక్కువైతే అది అబద్ధాలాడుతుంది కూడా. ఒక చోటికీ ఇంకో చోటికీ పోలిక చూడ్డానికి మాత్రం పనికొస్తుంది. అసలు అంకెల కోసం కాలుష్య నియంత్రణ మండలి స్టేషన్లున్నాయి. మా వైపు సెంట్రల్ యూనివర్సిటీలో ఒకటి, కోకాపేటలో ఒకటి. ఫోన్లో చూసుకోవచ్చు.

కొలిచేది పీఎం 2.5. అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా సన్నటి రేణువులు. మన వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు. ముక్కు వెంట్రుకలకు దొరకవు, దగ్గినా రావు. ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా పోతాయి. అక్కడ అవి రేపే వాపు ఊపిరితిత్తుల్లోనే ఆగదు. రక్తంలో ఆ వాపు సంకేతాలు తిరుగుతాయి, రక్తనాళం లోపలి పొర గరుకెక్కుతుంది, రక్తం గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది, బీపీ లేస్తుంది, గుండె లయ కూడా కొంచెం తప్పుతుంది. మరీ సన్నటివైతే నేరుగా రక్తంలోకే దిగుతాయి. కాలుష్యం అంటే దగ్గు, ఆస్తమా అనుకునేవాణ్ణి. అది చంపేది చాలావరకు గుండెపోటుతో, పక్షవాతంతో అని నాయిన మంచం పట్టాకే చదివాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన పరిమితి ఘనపు మీటరు గాలికి ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు. మన దేశం 2009లో పెట్టుకున్నది 40. ఎనిమిది రెట్లు. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019లో మొదలైనప్పుడు ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో హైదరాబాద్ ఉంది. పక్కనే ఉన్న పటాన్‌చెరు ఉంది. మా నల్గొండ కూడా ఉంది. నాయినకు ఆ చివరి పేరు నచ్చలేదు.

"మా ఊర్ల గాలికేమైంది? సల్లటి గాలి."

దానికి జవాబుగా నా దగ్గర ఒక అధ్యయనం ఉంది, పేరు కూడా ఆయనకు నచ్చేదే. ఛాయ్. గాలి కాలుష్యం తెలంగాణలో గుండె మీద ఏం చేస్తోందో చూడ్డానికి బార్సిలోనా పరిశోధకులు మనవాళ్లతో కలిసి చేసిన ప్రాజెక్టు. ఇంగ్లిషులో దాని పూర్తి పేరు మొదటి అక్షరాలు కలిపితే అలా వస్తుంది. హైదరాబాద్ శివార్లలోని 28 పల్లెల్లో మూడు వేల పైచిలుకు మందిని పరీక్షించారు. మెడ పక్కన మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని గోడ ఎంత మందంగా ఉందో స్కాన్‌తో కొలిచారు. ఆ గోడ మందమైందంటే లోపల పూడిక మొదలవుతోందని గుర్తు. పీఎం 2.5 ఎక్కువున్న చోట ఉండేవాళ్లలో గోడ మందం ఎక్కువ తేలింది, ముఖ్యంగా మగవాళ్లలో. కట్టెలు, పిడకలతో వండే ఇళ్లలోనూ అదే. పొగగొట్టం లేని పొయ్యి ముందు కూర్చునే ఆడవాళ్లలో మరీ. ఆ పల్లెల్లో సగటు ఎంతనుకున్నారు? దాదాపు 33. అంటే మన దేశం లెక్కలో అది మంచి గాలే.

అమ్మ ఇది విని ఏమీ అనలేదు. నా పదో తరగతి దాకా మా ఇంట్లో కట్టెల పొయ్యే. వారం తర్వాత, "నాకూ ఒకసారి ఆ మెడ పరీక్ష చేయిస్తవా?" అని అడిగింది. చేయించాను. అది వేరే కథ. బీపీ మాత్ర ఒకటి మొదలైంది.

మరి నడవాలా వద్దా? బయటి గాలి బాగా లేదని ఇంట్లో కూర్చోబెడితే స్టెంట్ వేయించుకున్న గుండెకు అదింకో రకం విషం. మా ఆఫీసు భాషలో దీన్ని ట్రేడాఫ్ అంటాం. ఎక్కడో ఒక చోట గీత గీయాలి. ఆ గీత ఎక్కడో 2016లో కొందరు పరిశోధకులు లెక్క కట్టారు. గాలిలో పీఎం 2.5 సగటు 22 ఉండే నగరంలో రోజుకు ఎంతసేపు నడిచినా, సైకిలు తొక్కినా లాభమే ఎక్కువ. అదే 100 ఉంటే సైకిలు గంటన్నర దాటాక నష్టం మొదలవుతుంది, నడక అయితే పది గంటలు దాటాలి. రోజుకు పది గంటలు నడిచే మనిషిని నేనైతే చూడలేదు, మా ఊరి పోస్ట్‌మ్యాన్‌ను తప్ప. అంటే మామూలు నడకకు హైదరాబాద్ గాలి అడ్డు కాదు.

అయితే ఆ లెక్క ఊరందరి సగటుకు. గుండెజబ్బు ఉన్నవాళ్ల మీద లండన్‌లో చేసిన ప్రయోగం ఇంకో మాట చెప్పింది. అరవై దాటినవాళ్లు 119 మంది. కొందరు ఆరోగ్యవంతులు, కొందరికి ఊపిరితిత్తుల జబ్బు, కొందరికి గుండెజబ్బు. ఒక రోజు రెండు గంటలు హైడ్ పార్క్‌లో నడిపించారు, ఇంకో రోజు అదే రెండు గంటలు డీజిల్ బస్సులు తిరిగే ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో. పార్కులో నడిచిన రోజు రక్తనాళాలు మెత్తబడ్డాయి, ఊపిరి మెరుగైంది, ఆ మేలు గంటలకొద్దీ నిలిచింది. రోడ్డు మీద నడిచిన రోజు ఆ మేలు చాలా మటుకు మాయమైంది. రెండు చోట్ల మధ్య దూరం ఎంతో కాదు, మైలు లోపే. ఇది చదివాక నాకు ఒక్కసారి ధైర్యమొచ్చింది. హైదరాబాద్ గాలిని నేను మార్చలేను. నాయిన నడిచే దారిని మార్చగలను. వాహనాల పొగ రోడ్డు అంచు నుంచి వంద, రెండొందల మీటర్లు లోపలికి పోయేసరికి బాగా పలచబడుతుంది. ఆ రెండొందల మీటర్లు మా కారిడార్‌లో ఎక్కడ దొరుకుతాయి?

మొదట వెళ్లింది దుర్గం చెరువుకు. గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన చెరువట, కుతుబ్ షాహీల కాలంలో. గుట్టల మధ్య దాక్కుని ఉండేది కాబట్టి సీక్రెట్ లేక్ అన్నారు. ఇప్పుడు దానంత బహిరంగమైన చెరువు ఊళ్లో లేదు. 2020 సెప్టెంబరులో తీగల వంతెన వచ్చాక ఆదివారం రాత్రి జాతరే. నీళ్ల పక్కన నడకదారి బాగుంది, బండలు ఇంకా కొన్ని మిగిలాయి. రెండు వందల యాభై కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు అవి. నాయిన ఒక బండ మీద చెయ్యేసి, "గిదే బండ మీద పన్నడో ఏమో," అన్నాడు. గాలి పరంగా చూస్తే వంతెన కింద మీటరు కొంచెం లేస్తుంది, చెరువు లోపలి మలుపులో తగ్గుతుంది. కానీ నీళ్ల వాసన ఉంది కదా. ఎండ ముదిరే కొద్దీ ఆయన రుమాలు తీసి ముక్కుకు పెట్టుకున్నాడు. ఒక వారం వెళ్లి మానేశాం.

అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ గురించి చెప్పకుండా మా వైపు వ్యాయామం గురించి రాస్తే మిత్రులు ఊరుకోరు. 2023 అక్టోబరు 1న మొదలైంది. 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల కప్పు, ఆ పలకల నుంచి 16 మెగావాట్ల కరెంటు. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక గీత, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకోటి. తెల్లవారుజామున ఐదింటికి హెల్మెట్లు, మెరిసే జాకెట్లు, లక్షలు ఖరీదు చేసే సైకిళ్లు. నాకిష్టమైన చోటు. లారీ వెనక నుంచి గుద్దుతుందనే భయం లేకుండా ఈ ఊళ్లో సైకిలు తొక్కగలిగే చోటు ఇంకోటి లేదు. ఎండా వానా తగలవు. కానీ కప్పు ఎండకే కప్పు. ఒక పక్క ఎనిమిది వరుసల రింగ్ రోడ్డు, ఇంకో పక్క సర్వీస్ రోడ్డు, మధ్యలో మనం నోరు తెరిచి పీల్చుకుంటూ పోతుంటాం. కోకాపేట వైపు చూస్తే క్రేన్లు లెక్కపెట్టలేం. 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటిన నేల అది, ఇంక అక్కడ తవ్వకం ఆగుతుందా?

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేనూ పరుగెత్తేవాణ్ణి. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో పది కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చి, రాత్రి ఎనిమిదింటికి కాల్స్ అయ్యాక ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ రోడ్ల మీద ప్రాక్టీసు చేసేవాణ్ణి. ఆ టైముకు విప్రో సర్కిల్ దగ్గర క్యాబులు, కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంటాయి. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాడు. గట్టిగా పరుగెత్తేవాడు అరవై, ఆపైన. పైగా ముక్కుతో చాలక నోటితో. అంటే పక్కన నిలబడ్డ డ్రైవరు కన్నా నేను ఎన్నో రెట్ల పొగ తాగుతున్నాను, అదీ ఫిట్‌నెస్ పేరుతో, స్మార్ట్‌వాచ్ నన్ను మెచ్చుకుంటుండగా. దక్షిణ కొరియాలో ఇరవై నుంచి ముప్పై తొమ్మిదేళ్ల వాళ్లను దాదాపు 14.7 లక్షల మందిని ఏళ్ల తరబడి గమనించి 2021లో ఒక అధ్యయనం వేశారు. గాలి ఓ మోస్తరుగా ఉన్నచోట వ్యాయామం పెంచినకొద్దీ గుండెకు మేలు. గాలి బాగా చెడ్డచోట కఠిన వ్యాయామం పెంచినవాళ్లకు ఆ మేలు కనబడలేదు, ముప్పు వైపు మొగ్గింది. కుర్రాళ్లం కదా, మనకేం అవుతుందనే మాటకు అది జవాబు.

వ్యాయామం మానేయడానికి మాత్రం మా వర్గానికి ఏ సాకూ లేదు. సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు ఏఐజీ ఆసుపత్రి వైద్యులతో కలిసి హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది. 71 శాతం ఊబకాయులు. కాలేయంలో కొవ్వు, గుండెజబ్బు ఒకే ఇంటి పిల్లలు. మా టీమ్‌లో ఈ వార్త షేర్ చేస్తే పది నిమిషాలు నవ్వుకున్నాం, ఆ తర్వాత ఎవరో బిర్యానీ ఆర్డర్ పెట్టారు.

గాలి బాగోలేని రోజుకు జిమ్ ఉందిగా అని నాయినను మా అపార్టుమెంటు జిమ్‌కు తీసుకెళ్లాను. ట్రెడ్‌మిల్ ఎక్కి అతి నెమ్మదిగా పన్నెండు నిమిషాలు నడిచాడు. అద్దంలోంచి కనిపిస్తున్న ఫ్లైఓవర్‌నే చూస్తూ దిగాడు. "ఎంత నడిచినా ఊరు రాకపాయె," అన్నాడు. మళ్లీ ఎక్కలేదు.

చివరికి దొరికింది ఇంటి పక్కనే. కొత్తగూడ బొటానికల్ గార్డెన్. 270 ఎకరాల పైన. రోజూ దాని గోడ పక్క నుంచే ఆఫీసుకు వెళ్తాను, లోపలికి వెళ్లింది మాత్రం ఆఫీసు టీమ్ ఫొటో కోసం ఒకసారే. గేటు దగ్గర మియాపూర్ రోడ్డు రొద ఉంటుంది, మీటరు కూడా రోడ్డు అంకే చూపిస్తుంది. ఒక పది నిమిషాలు లోపలికి నడిచి మలుపు తిరిగితే హారన్లు సన్నగా వినిపిస్తాయి, ఇంకొంచెం పోతే కోకిలో, నెమలో. అక్కడ మీటరు అంకె దిగిపోయేది, అన్ని రోజులూ కాదు గానీ చాలా రోజులు. చెట్లే గాలిని కడిగేస్తాయని చాలామంది అంటారు. ఆకులు కొంత దుమ్ము పడతాయి, నిజమే. అసలు లాభం దూరానిది. ఆ 270 ఎకరాల్లో బండి తిరగదు, ఇల్లు కట్టరు, ఎవరూ ఏమీ తగలబెట్టరు. 2025లో యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొడుతుంటే ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపించింది కదా. ఆ గొడవ నాకు నెమళ్ల గురించి, జింకల గురించి మాత్రమే అనిపించేది. రోడ్డుకు రెండొందల మీటర్ల దూరం వెతుక్కుంటూ తిరిగాక ఇంకోలా కనిపించింది.

చోటు దొరికింది సరే, వేళ దొరకలేదు. నడక అంటే పొద్దున్నే అని మన రక్తంలో ఉంది. గార్డెన్ నిండేది కూడా పొద్దునే. చలికాలంలో అదే తప్పు. రాత్రంతా నేల చల్లబడి, నేలను ఆనుకున్న గాలి బరువెక్కి కదలకుండా ఉంటుంది. దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. రాత్రి లారీల పొగ, తెల్లవారి చలిమంటల పొగ, ఎనిమిది నుంచి ఆఫీసు బండ్ల పొగ ఆ మూత కిందే ఉడుకుతాయి. ఎండ ఎక్కి నేల వేడెక్కాక మూత లేస్తుంది. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు మధ్య గాలి ఎత్తుకు కలిసిపోయి పలచబడుతుంది. సాయంత్రం ఆరు దాటితే మళ్లీ మూత, మళ్లీ ఆఫీసు బండ్లు. స్టేషన్ గ్రాఫును వారం పాటు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది, పొద్దునా రాత్రీ రెండు మూపురాలు, నడుమ లోయ. చలిలో రక్తనాళాలు ముడుచుకుంటాయి కాబట్టి గుండెజబ్బు వాళ్లను పొద్దున్నే వెళ్లొద్దని డాక్టరు కూడా అన్నాడు, రెండోసారి అడిగినప్పుడు.

జనవరి, ఫిబ్రవరిల్లో నడక సాయంత్రం నాలుగింటికి అని నిర్ణయమైంది. మా క్లయింట్లు అమెరికాలో ఉంటారు, వాళ్లు ఆ వేళకు నిద్రపోతుంటారు. సైబరాబాద్‌లో నాలుగు గంటలంటే ఎవరూ అరవని గంట. క్యాలెండర్‌లో నాలుగు నుంచి ఐదు దాకా రోజూ 'డాక్టర్ అపాయింట్‌మెంట్' అని బ్లాక్ చేశాను. మూడు వారాలకు మేనేజరు విడిగా పిలిచి, "అంతా బాగానే ఉందా? ఏమన్నా పెద్ద జబ్బా?" అని అడిగాడు. ఉన్న సంగతి చెప్పాను. ఆయనకు నలభై నాలుగు. ఒక నిమిషం ఆలోచించి తన నాలుగింటి మీటింగ్‌ను కూడా మూడుకు జరిపాడు. ఎందుకో నేనడగలేదు.

ఏక్యూఐ వంద లోపుంటే నలభై నిమిషాలు. 101 నుంచి 200 మధ్య ఉంటే దాన్ని మన ప్రభుత్వ పట్టిక 'మధ్యస్థం' అంటుంది, కానీ గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఇబ్బంది కలగవచ్చని ఆ పట్టికే చెబుతుంది. ఆ రోజు ఇరవై నిమిషాలు, నిదానంగా, తోట లోపలి మలుపులోనే. రెండొందలు దాటితే ఇంట్లోనే, హాలు నుంచి వంటింటికి, అమ్మ విసుక్కునే దాకా. వేగానికి మాటే కొలత. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. నాయిన విషయంలో ఇది భలే పనిచేసింది, ఎందుకంటే ఆయన మాట్లాడ్డం ఆపడు. మాట ఆగిందంటే నేను నిలబడేవాణ్ణి. ఛాతీ బరువు, దవడ గుంజడం, చెమటలు పడితే నాలుక కింద పెట్టుకునే మాత్ర జేబులో ఉండాల్సిందే.

మాస్కు కూడా పెట్టించాను, కరోనా నాటిది కాదు, ఎన్95. బీజింగ్‌లో 98 మంది గుండె రోగులను ఒకసారి మంచి మాస్కుతో, ఒకసారి లేకుండా రెండేసి గంటలు నడిపించి చూశారు. మాస్కు పెట్టుకున్న రోజు బీపీ తక్కువుంది, ఈసీజీలో గుండెకు రక్తం చాలని గుర్తులు తగ్గాయి. నాయిన దాన్ని ఆటోలో పెట్టుకుంటాడు, గార్డెన్ గేటు దాటగానే తీసి జేబులో పెడతాడు. "లోపట ఊపిరాడనియ్యి," అంటాడు. నేనూ పట్టుబట్టలేదు. ఆయాసపెట్టే మాస్కుతో నడవమని డాక్టరు కూడా అనలేదు.

ఫిబ్రవరి ఆఖరుకు నలభై నిమిషాలు వచ్చేశాయి. నాలుగింటికి తోట దాదాపు ఖాళీ, మేము, ఒకరిద్దరు ప్రేమికులు, గడ్డి పీకే ఆడవాళ్లు. వాళ్లలో ఒకామెది హాలియా. నాయినకు ఆమె తమ్ముడు తెలిసిన లారీ క్లీనరు అని తేలేసరికి రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత ఆయన నడకలో ఆగాల్సిన చోటు ఒకటి పెరిగింది. ఆ ఆడవాళ్లు ఎక్కడుంటారంటే రోడ్డు పక్క రేకుల షెడ్లలో. పొద్దున ఏడుకు వంట, కట్టెలతో. ఏ యాప్ చూసుకుని ఏ వేళకు బయటికి రావాలో ఎంచుకునే వెసులుబాటు నా క్యాలెండర్‌కు ఉంది, వాళ్లకు లేదు. నాయిన లారీకీ ఎన్నడూ లేకుండె.

మార్చిలో ఎండ ముదిరింది. నాలుగింటికి నేల పెనంలా ఉంటుంది, పైగా ఎండకు బండ్ల పొగలోంచి ఓజోన్ తయారవుతుంది, అది మధ్యాహ్నాలే ఎక్కువ. అప్పటికి పొద్దుటి మూత కూడా పలచబడింది. ఆరింటికి మార్చుకున్నాం. నా పరుగు కూడా ఆ తోటలోకే మారింది. వేగం తగ్గింది, వాచీ మెచ్చుకోవడం మానేసింది.

ఏప్రిల్ మొదట్లో టీఎంటీ పరీక్షలో తొమ్మిది నిమిషాలు నడిచాడు. ఊరు రాని ట్రెడ్‌మిల్ మీదే. డాక్టరు ఇంటికి వెళ్లొచ్చన్నాడు. రాయదుర్గం నుంచి మెట్రోలో వెళ్దామన్నాడు, ఊరికే చూడ్డానికి. కిటికీలోంచి సైబర్ టవర్స్ దాటేదాకా తల తిప్పి చూస్తూనే ఉన్నాడు.

మొన్న సాయంత్రం ఊరి నుంచి ఫోన్. యాసంగి కోతలు అయిపోయాయి.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా? నడుద్దామని పొలం దిక్కు పోయిన. పక్కోళ్లు కొయ్యకాళ్లకు అగ్గి పెట్టిండ్రు. ఊరంత పొగ. నీ ఫోన్ల మా ఊరిది ఎంత సూపిస్తుంది?"

"మన ఊళ్లో స్టేషన్ లేదు నాయినా. గాలి ఎటు నుంచి వస్తోంది?"

కాసేపు చప్పుడు లేదు. వేలు తడి చేసి పైకి పెట్టి ఉంటాడు.

"కాలువ దిక్కుకెల్లి."

"అయితే కాలువ కట్ట ఎక్కు. పొగ నీ వెనక్కి పోతుంది. మందు జేబులో ఉందా?"

"ఉన్నది. ఫోన్ పెట్టకు, మాట్లాడుకుంట నడుస్త."